షికాగో చలికి మా పాలెం బొంత

మా పాలెంలో బిడ్డ పుట్టిందంటే ముందు మంత్రసానికి కబురు, ఆ వెనకే సువార్తమ్మకు కబురు. పల్లెలో పుట్టినా ఊళ్ళో పుట్టినా, పురిటి స్నానం నాటికి ఆ బిడ్డ కింద ఆమె కుట్టిన బొంత ఉండాల్సిందే. పాత చీరలు ఎవరింటివి వాళ్ళే ఇచ్చుకోవాలి. ఆమె పెట్టే షరతు ఒక్కటే. ఆ ఇంట్లో బాగా నవ్వే మనిషి కట్టి విడిచిన చీర అయ్యుండాలి. అటువంటి చీర మీద పడుకున్న బిడ్డ ఊరికే ఏడవదని ఆమె నమ్మకం. దాంతో ప్రతి పురిటింట్లోనూ ఒక తగువు లేచేది. నవ్వేది నేనేనని అత్త అనేది, ఈవిడ నవ్వగా చూసిందెవరని కోడలు గొణిగేది. సువార్తమ్మ అరుగు మీద కూర్చుని, దబ్బనం కొప్పులో గుచ్చుకుని, ఇద్దరి మాటా ఓపిగ్గా వినేది. వింటూ వింటూ మధ్యలో ఏదో ఒక మాట విసిరేది. ఎవరు ముందు పకపకా నవ్వితే వాళ్ళ చీర చంకలో పెట్టుకుని లేచేది.

కూలి పుచ్చుకునేది కాదు. కూలికి మిరపకాయల కోత ఉంది, బొంతకు కూలేమిటి అనేది. కుట్టేటప్పుడు ఒక్కో వరస చివర దారం తెంపి, ఆ బిడ్డ పేరు చెప్పి ప్రభువుకు అప్పగించేది. ఇంకా పేరు పెట్టని బిడ్డయితే ఆ నల్ల బుజ్జిగాడనో, ఆ చాటచెవుల పిల్లనో చెప్పేది. దేవుడికి ఆనవాళ్ళు చాలు గదా.

ఆమె పుట్టింది దర్శి అవతల ఒక మెట్టపల్లెలో. చిన్నప్పుడు చలిజ్వరం పట్టి మంచం ఎగిరేట్టు వణుకుతుంటే, వాళ్ళ నాన్న బండి కట్టించుకుని మిషను ఆసుపత్రికి తీసుకుపోయాడట. అప్పటికి ఆసుపత్రిలో ఉన్న కంబళ్ళన్నీ రోగుల మీదే ఉన్నాయి. అమెరికా నుంచి కొత్తగా వచ్చిన నర్సు, ఎడ్నా దొరసానమ్మ, తన పెట్టె అడుగున దాచుకున్న ఉన్ని కోటు తెచ్చి ఈ పిల్లకు కప్పింది. వణుకు ఆగలేదు. కోటుతో సహా ఒళ్ళోకి తీసుకుని జ్వరం దిగేదాకా అలాగే కూర్చుంది. చలి అంటే ఏమిటో మా పాలెంలో నిజంగా తెలిసిన మనిషి సువార్తమ్మ ఒక్కతే. మిగతావాళ్ళం మార్గశిరంలో తువ్వాలు చెవులకు చుట్టుకుని అదే చలి అనుకునేవాళ్ళం.

దొరసానమ్మ ఆ ఆసుపత్రిలోనే జుట్టు నెరిసేదాకా పనిచేసి, ఓపిక తగ్గాక షికాగోలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ప్రతి క్రిస్మసుకూ మా చర్చి పాస్టరు జక్రయ్య అయ్యగారిని సువార్తమ్మ అడిగేది, ఆవిడ కులాసానా అని. కులాసానే అని అయ్యగారు చెప్పేవారు. ఆయనకు తెలిసినా తెలియకపోయినా అలాగే చెప్పేవారని నా అనుమానం. ఆ మాటతో ఆమెకు పండగ నిండేది.

ఎనభై అయిదో సంవత్సరం జనవరిలో ఒకరోజు బాపయ్యగారి కళ్ళంలో ఆడవాళ్ళు మిరప రాశిలోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. బాపయ్యగారు మిరప, పత్తి వేసే పెద్ద రైతు. మా దగ్గరి టౌను పేటనుంచి బస్సులో వచ్చే పేపరు అందగానే బండి నొగ మీద కూర్చుని, మైకు అక్కర్లేని గొంతుతో కళ్ళమంతటికీ చదివి వినిపించడం ఆయన అలవాటు. ఏరే చేతులకు విసుగు తెలియకూడదని చదివేవాడో ఏమో, పైకి మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆరోజు పేపరు నిండా అమెరికా చలే. వాళ్ళ ప్రెసిడెంటు ప్రమాణం చేసే పండగ ఆరుబయట జరగాల్సింది, చలికి జడిసి లోపల కానిచ్చారట, ఊరేగింపు మానేశారట. ఫ్లోరిడా అనే చోట నారింజ తోటలు మాడిపోతున్నాయట. అక్కడి రైతులు చెట్లకు నీళ్ళు కొట్టి, ఆ నీళ్ళు గడ్డకట్టి చెట్టుకు తొడుగైతే లోపల ప్రాణం నిలుస్తుందని చూస్తున్నారట. చలికి మందు మంచుగడ్డేమిటని ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. బాపయ్యగారు మాత్రం నవ్వలేదు. తెగులు పట్టిన తోట ముందు నిలబడ్డ రైతు ఎక్కడైనా రైతే అన్నాడు. తర్వాత షికాగో సంగతి చదివాడు. ఆ ఊళ్ళో ఇంతకు ముందెన్నడూ లేనంత చలి, సున్నాకి ముప్పై మూడు డిగ్రీలు కింద.

సున్నాకి కింద అంటే ఏంటండీ అని పున్నమ్మ అడిగింది. పున్నమ్మ సువార్తమ్మ పక్కింటి మనిషి, ఏదీ అడక్కుండా వదలదు.

"సున్నా దగ్గర నీళ్ళు గడ్డ కడతాయి. దానికి ముప్పై మూడు మెట్లు కిందన్న మాట."

"నీళ్ళు గడ్డకట్టాక ఇంక కట్టడానికేం ఉంటాయండీ?"

"మనుషులు," అన్నాడు బాపయ్యగారు.

కళ్ళమంతా నవ్వింది. సువార్తమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. షికాగో అన్నారా అని రెట్టించి అడిగి, అవునని తెలుసుకుని, తట్ట పక్కకు జరిపి లేచి నిలబడింది. మా ఎడ్నా దొరసానమ్మ ఉండేది అక్కడేనండి, ఆమెకు ఇప్పుడు కోటు ఎవరిస్తారు అంది.

ఆ సాయంత్రం ఆమె పెనిమిటి ఇమ్మానియేలు పేటలో జిన్నింగు మిల్లు దిగి ఇంటికి వచ్చేసరికి, పొయ్యి మీద ఎసరు లేదు, నడింట్లో పాత చీరల గుట్ట ఉంది. ఇమ్మానియేలు మిల్లులో దూది బేళ్ళు మోస్తాడు. మంచివాడు, నోరు మాత్రం ఊరుకోదు. సంగతి విని, తుపాను ఏడాది ఆ దేశం వాళ్ళే మనకు లారీల్లో దుప్పట్లు పంపారు, వాళ్ళకు దుప్పట్ల కరువేమిటే అన్నాడు.

"పంపించారుగా. అందుకే అయిపోయి ఉంటాయి," అంది సువార్తమ్మ.

మర్నాడు ఈ మాట పాలెమంతా పాకింది. ఆ దుప్పట్లు ఏం చేశామో అందరికీ గుర్తొచ్చింది. మన వేడికి కప్పుకోలేక కొందరు మిరపకాయల రాశుల మీద మంచు పడకుండా కప్పారు, కొందరు గుమ్మాలకు తెరలు కట్టారు, ఒకాయన ఈనిన గేదెకు కప్పాడు. ఎవరూ కూడబలుక్కోలేదుగాని, రెండోరోజుకల్లా సువార్తమ్మ గుమ్మం ముందు తలా ఒక గుడ్డ పట్టుకుని నిలబడ్డారు. అన్నీ తీసుకుంటే బొంత కాదు, గుడారం అవుతుందని ఆమె నచ్చజెప్పి పంపించింది.

దూది బాపయ్యగారు ఇచ్చాడు. పై గుడ్డకు ఆయన భార్య వెంకటేశ్వరమ్మ చీర కావాలంది సువార్తమ్మ. ఆవిడ నవ్వితే కాలవ అవతల కొంగలు లేచేవి. పాతది కాదు, ఈ దసరాకు కొన్నది తీసుకో, అమెరికాలో మన పరువు పోకూడదని వెంకటేశ్వరమ్మ బీరువా తెరిచింది. కొత్త చీరలో ఇంకా నవ్వు పట్టి ఉండదమ్మా అని సువార్తమ్మ వెలిసిన ఆకుపచ్చ నేతచీరే తీసుకుంది.

దూది ఏకడానికి నాగూర్ వలి విల్లు భుజాన వేసుకుని వచ్చాడు. వలి దూదేకుల ఇంటివాడు, అక్కా అని తప్ప సువార్తమ్మను పిలవడు. అంత దూది ఏకాలంటే గాలి ఆడే పెద్ద జాగా కావాలన్నాడు. అంత జాగా పాలెంలో బాపయ్యగారి కళ్ళమే. ఒక పక్కన పరదా పరిచి వలి జుంయ్ జుంయ్‌మని దూది ఏకుతుంటే, రెండో పక్కన మగవాళ్ళు గోతాల్లోకి దిగి ఎండు మిరపకాయలు కాళ్ళతో తొక్కుతున్నారు. దూది పింజలు లేచాయి, మిరప దుమ్ము లేచింది. తెల్లటి దూది మీద ఆ ఎరుపు పడి, పొద్దువాలే వేళ మబ్బులాగా ఉందని పున్నమ్మ మురిసింది. అవునవునని అందరమూ మురిశాం. మాలో ఒక్కరికీ ఇంకో ఆలోచన రాలేదు. పుట్టి బుద్ధెరిగింది మొదలు మిరప కళ్ళాల్లో మసిలే ముక్కులు మావి.

సువార్తమ్మ పగలు కోతకు పోయేది, పొద్దుగూకాక గుడ్డిదీపం దగ్గర కుట్టేది. వరస చివర ఎడ్నా దొరసానమ్మ పేరు చెప్పేది. పేరు తెలిసినా ఆనవాలు కూడా కలిపేది, ఆ ఉన్ని కోటు దొరసానమ్మ ప్రభువా అని.

ఫిబ్రవరిలో, అనుకోకుండా, దారి దొరికింది. పీటర్సన్ దొరగారు, ఆయన భార్య షికాగో నుంచి సంఘాలు చూడటానికి జిల్లాకు వచ్చారు. ఎడ్నా దొరసానమ్మ వెళ్ళే గుడికే వాళ్ళూ వెళతారట. ఆదివారం మా పాలెంలో ఆరాధన, బుధవారం సాయంత్రం గుంటూరులో తిరుగు రైలు. ఆ బొంత మేమే చేతుల్లో పెట్టుకుని తీసుకుపోతామని చెప్పారని జక్రయ్య అయ్యగారు కబురు తెస్తే, సువార్తమ్మ ఆనందానికి ఆరోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఇమ్మానియేలు ఏమీ అనకుండా తిన్నాడు. అది కూడా లెక్కలోకి రావాల్సిన మంచితనమే.

ఆదివారం గుడి కిక్కిరిసింది. దూది ఇచ్చానని బాపయ్యగారు, చీర ఇచ్చానని వెంకటేశ్వరమ్మ, ఏకానని వలి కూడా వచ్చి వెనక కూర్చున్నారు. దొరగారు ట్యూబులైటు తలకు తగిలేంత పొడుగు మనిషి. సువార్తమ్మ బొంత తెచ్చి ఇవ్వగానే ఆయనకు కళ్ళు మెరిశాయి. గౌరవంగా దాన్ని భుజాల నిండా కప్పుకుని ప్రసంగం మొదలుపెట్టాడు. అయ్యగారు పక్కన నిలబడి తెలుగు చేస్తున్నారు.

మూడో వాక్యం మధ్యలో దొరగారు తుమ్మాడు. నాలుగో వాక్యంలో మాటలకంటే తుమ్ములే ఎక్కువయ్యాయి. అయ్యగారు, వాటిని ఏం చెయ్యాలో తెలియక, ఆయన ఆగినప్పుడల్లా ఒక ఆమేన్ చెప్పారు. ముందు వరసలో కూర్చున్న దొరసాని, భర్తకు సాయం చేద్దామని వెళ్ళి బొంత అంచు పట్టుకుంది. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు జలజలా కారాయి. చూడండమ్మా, మన ప్రేమకు ఎట్లా కరిగిపోయిందో అని పున్నమ్మ ఏడుపు అందుకుంది. ఆడవాళ్ళ వైపంతా ఏడుపు. మగవాళ్ళు తలలు వంచుకున్నారు. దొరగారు తుమ్ముతూ ఏడుస్తూ చేతులు ఊపుతుంటే, ఆత్మ బలంగా దిగిందని వెనకనుంచి ఎవరో పాట ఎత్తుకున్నారు.

పాట అయ్యేసరికి దొరగారు బొంత తీసి బల్ల మీద పెట్టి, ఎర్రబడ్డ ముక్కుతో నవ్వుతూ అయ్యగారి చెవిలో ఏదో చెప్పాడు. అయ్యగారు బొంత దగ్గరికి వంగి వాసన చూశారు. ఏమీ తెలియలేదు. దొరగారు దీంట్లో మిరపకాయ ఉందంటున్నారు, ఎవరికన్నా వస్తోందా అని అడిగారు. ఒకరి వెనక ఒకరుగా సంఘమంతా బల్ల దగ్గరికి వచ్చి బొంతలో ముక్కు పెట్టింది. పున్నమ్మకు సబ్బు వాసన వచ్చింది. బాపయ్యగారికి తన దూది వాసన వచ్చింది. ఇమ్మానియేలు మొహమంతా ముంచి తీసి, పాపం దొరగారికి జలుబు చేసినట్టుంది అన్నాడు.

సువార్తమ్మ మాత్రం వాసన చూడలేదు. వలి వంక చూసింది, బాపయ్యగారి వంక చూసింది. కళ్ళం గుర్తొచ్చింది.

దొరసాని సువార్తమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది. అయ్యగారు తెలుగు చేశారు. ఎడ్నా దొరసానమ్మకు ఇప్పుడు ఆయాసం ఉందట. చలికాలమంతా కిటికీలు బిగించుకునే ఉంటారట. ఈ బొంత చాలా అందంగా ఉంది, కానీ ఇది కప్పుకుంటే ఆవిడకు ఊపిరాడదు. అందుకని నీ ప్రేమను మాత్రం తీసుకెళ్ళి చెబుతాం.

"ప్రేమ కప్పుకుంటే వెచ్చగా ఉండదు గదండీ," అంది సువార్తమ్మ. బల్ల మీది బొంత తీసి చంకలో పెట్టుకుంది. "బుధవారం సాయంత్రం దాకా ఆగమనండి."

ఇంటికి వెళ్ళగానే దబ్బనం తీసి, అన్ని వరసలూ విప్పేసింది. మిరప తగిలిన పాత దూదిని ఒక సంచిలో కుక్కి పక్కన పెట్టింది. వెంకటేశ్వరమ్మ చీర కుంకుడు రసంలో నానబెట్టింది. ఉతకడం కాలవలో. ఆరెయ్యడం ఎక్కడ? ఫిబ్రవరిలో మా వైపు కంటికి ఆనినంత మేరా మిరపకాయలే ఎండుతుంటాయి, ఎర్ర జంపఖానా పరిచినట్టు. ఇమ్మానియేలు తల గోక్కుని, మా మిల్లే గతి అన్నాడు. గింజ తీసిన దూది నిలవ చేసే గది ఒకటుంది, అందులోకి మిరపగింజ ఎన్నడూ పోలేదు.

మిల్లు గుమాస్తా ఊరికే ఏదీ ఇచ్చే మనిషి కాదు, కాని సంగతి వినగానే తాళంచెవి ఇచ్చేశాడు. కొత్త దూది కూడా తూకం చూడకుండా ఇచ్చాడు. మా అమ్మ ఆ ఎడ్నా దొరసానమ్మ చేతుల మీదే నన్ను కన్నది అని మాత్రం అన్నాడు. ఇక ఆ గది గుమ్మంలో ఇమ్మానియేలు కాపలా. లోపలికి పోయేవాళ్ళు పంపు దగ్గర తలస్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకోవాలి. అన్నం క్యారియరు ఆమడ దూరంలో పెట్టాలి, కారప్పొడి తిన్నవాళ్ళు చేతులే కాదు, మోచేతుల దాకా కడుక్కోవాలి. సొంత భార్యను నమ్మక రెండుసార్లు స్నానానికి పంపాడు. వలి తను మునిగి, విల్లును కూడా ముంచి, పాత నారి తీసేసి కొత్తది బిగించాడు. బాపయ్యగారు చూద్దామని వస్తే, మీరు మిరపకాయల మనిషండీ, అక్కడే ఉండండి అని ఇమ్మానియేలు ఆపేశాడు. జీవితంలో మొదటిసారి ఆయన్ని ఆపగలిగినందుకు ఆ పూటంతా మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు. బాపయ్యగారు గోడవతల వేపచెట్టు కింద కూర్చుని, లోపలివాళ్ళకు వినబడేలా పేపరు చదివాడు.

బుధవారం మధ్యాహ్నానికి చివరి కుట్టు పడింది. ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. బొంతలో ఘాటు పోయిందో లేదో చెప్పే ముక్కు ఏదీ?

మా ముక్కులు పనికిరావు. పేటలో వాళ్ళవీ అంతే. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ నుంచి గుమాస్తాగారి బావమరిది వచ్చి ఉన్నాడు, అతన్ని పిలిచారు. అతను గట్టిగా పీల్చి, సున్నం వాసన వస్తోందన్నాడు. అతనికి అన్నంలోనూ అదే వస్తుందట. చివరికి వలి అన్నాడు, రోడ్డు మీదికి పోదామక్కా, దేశంలో ముక్కులన్నీ ఈ రోడ్డు మీదనుంచే పోతాయి.

మిల్లు ముందే మద్రాసు రోడ్డు. టీ హోటలు దగ్గర ఒక లారీ ఆగి ఉంది. మద్రాసు నుంచి ఇనప సామాను వేసుకుని కాన్పూరు వైపు పోతున్న లారీ. డ్రైవరు పేరు హయాత్, గడ్డం నెరిసిన మనిషి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. వలికి వచ్చిన హిందీ బహు కొద్ది. దాంతోనే ఆపద చెప్పుకున్నాడు. చెప్పిందాంట్లో ఏం అర్థమయిందోగాని హయాత్ సరేనన్నాడు. ముక్కు పనిచేస్తుందో లేదో ముందు తెలియాలి గదా అని ఇమ్మానియేలు పాత దూది సంచి తెచ్చి మూతి విప్పి పెట్టాడు. హయాత్ ఒక్కసారి పీల్చాడు. ఆ తుమ్ముకు చేతిలో టీ గ్లాసు ఎగిరి రోడ్డు మీద పడింది, తలపాగా ఊడింది, లారీ కింద పడుకున్న కుక్క లేచి పరుగెత్తింది. మేమందరం చప్పట్లు కొట్టాం. ఆయనకు కోపం వచ్చింది. సువార్తమ్మ ఆదరాబాదరా చల్లటి నీళ్ళు తెచ్చి, మొహం కడుక్కోమని, తన కొంగే తుడుచుకోను ఇచ్చింది. ఆయన ఆ కొంగు వంక చూసి చల్లబడ్డాడు. హోటలాయన మాటాడకుండా ఇంకో టీ పోసి పెట్టాడు.

అప్పుడు కొత్త బొంత తెచ్చారు. వాసన చూస్తే చాలదు, దొరసానమ్మ కప్పుకుని పడుకుంటుంది గనక కప్పుకునే చూడాలని సువార్తమ్మ అంది. హోటలు ముందు మంచం మీద హయాత్ కాళ్ళు చాపుకుని, బొంత గడ్డం దాకా లాక్కున్నాడు. అందరం చుట్టూ నిలబడి ఊపిరి బిగబట్టాం. ఆయన ఒకసారి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. తుమ్ము రాలేదు. మూడోసారి పీల్చినది గురక అయింది.

గెలిచామని ఇమ్మానియేలు ఎగిరి గంతేశాడు. ఇక లేపి బొంత తీసుకో, గుంటూరు బస్సు వచ్చే వేళయింది అన్నాడు. సువార్తమ్మ కదల్లేదు.

"నిద్రపోయే మనిషిని లేపకూడదయ్యా."

"ఏమే, నీకు మతిపోయిందా? బండి వెళ్ళిపోద్ది."

లారీ క్లీనరు వచ్చి, రెండు రాత్రులయింది ఈయన కన్నుమూసి, నేను చెప్పినా వినడు అని వలికి చెప్పాడు. వలి ఆ మాట తెలుగు చెయ్యగానే సువార్తమ్మ మంచం పక్కన కింద కూర్చుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. బస్సు వచ్చింది. కండక్టరు సంగతి విని, మా కోసమని కాసేపు బస్సు ఆపి, తనూ దిగి నిద్రపోతున్న మనిషిని చూసి, నేనూ లేపలేనమ్మా అని వెళ్ళిపోయాడు.

"అసలిది దొరసానమ్మకని కుట్టావా, లారీ డ్రైవరుకని కుట్టావా?" అన్నాడు ఇమ్మానియేలు.

"ఎవరికని కుట్టినా నిద్ర పట్టడానికేగా," అంది ఆమె.

ఇమ్మానియేలు ఇంక మాటలు కట్టిపెట్టి చేతల్లోకి దిగాడు. మంచం పక్కన గట్టిగా దగ్గాడు. చేదబావి దగ్గర బకెట్టు జార్చాడు. అయ్యో, జారిందే అన్నాడు. మంచం చుట్టూ తిరుగుతూ క్రైస్తవ పాటలన్నీ తీశాడు. అతని గొంతుకు గుడిలో పిల్లలు సైతం లేచి కూర్చుంటారు. హయాత్ గురక మాత్రం ఆ పాటలకు తాళం వేసింది. ఆఖరికి ఆకాశం వంక చూసి, ప్రభువా, ఆమె లేపదు, నన్ను లేపనివ్వదు, ఇక నీ ఇష్టం అన్నాడు.

మిల్లు కూత కూసింది. షిఫ్టు మారే కూత. పేటలో వాళ్ళకు అది చెవిన పడి ఏళ్ళయింది, అలవాటై. హయాత్‌కు కొత్త. తాడు తెంపుకున్న ఎద్దులాగా లేచి నిలబడ్డాడు.

క్లీనరు ఒక్క గుక్కలో సంగతంతా చెప్పాడు. హయాత్ బొంత వంకా, కింద కూర్చున్న సువార్తమ్మ వంకా చూశాడు. బొంత తనే నాలుగు మడతలు వేసి, మద్రాసులో కొన్న కొత్త ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, మమ్మల్ని లారీ ఎక్కమని చెయ్యి చూపించాడు. సువార్తమ్మ, ఇమ్మానియేలు, వలి ముందు సీట్లో ఇరుక్కున్నారు, మిగతావాళ్ళం వెనక ఇనప సామాను మీదికెక్కాం. ఆ తర్వాతది లారీ ప్రయాణం కాదు, బైబిల్లో ఏలీయాను ఆకాశానికి తీసుకుపోయిన అగ్ని రథమేనని ఇమ్మానియేలు ఇప్పటికీ చెబుతాడు. ఎదురుగా మిరప టిక్కీలు, పెద్ద బస్తాలు, వేసుకున్న లారీ కనబడ్డప్పుడల్లా హయాత్ అద్దాలు ఎత్తమని కేకేసేవాడు, ఇమ్మానియేలు పట్టా మీద బోర్లా పడేవాడు. గుంటూరులో మిర్చి యార్డు దగ్గరకొచ్చేసరికి ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. హయాత్ ఒక్కడే, తన ముక్కు తనకుంది గనక, తుమ్ముతూ తుమ్ముతూ తోలాడు.

స్టేషనులో అయ్యగారు ప్లాట్‌ఫారం మీద పచార్లు చేస్తున్నారు. రైలు కూత పెట్టేసింది. దొరగారు కిటికీలోంచి పొడుగు చేతులు చాచి బొంత అందుకుని, విప్పి, ఆ ఉక్కలో, పెట్టెలో వాళ్ళందరూ వింతగా చూస్తుండగా, తల మీదనుంచి ముసుగు వేసుకున్నాడు. మేం చూస్తున్నాం. పోర్టర్లు చూస్తున్నారు. ఎందుకో తెలియకుండానే పల్లీలవాడు కూడా ఆగిపోయాడు. ముసుగు తీశాక దొరగారి మొహం చెమటతో నిండి ఉంది, ముక్కు మాత్రం తెల్లగానే ఉంది. రైలు కదిలింది.

సువార్తమ్మ రైలు వెంట పరుగెత్తింది. ఆమె వెంట అయ్యగారు, పంచె ఎగ్గట్టి, ఇంగ్లీషు చేస్తూ పరుగెత్తారు. నెలకోసారి ఎండలో వెయ్యమనండి. ఉతికితే దూది ముద్ద కడుతుంది, దులిపితే చాలు. పాదాల వైపు మందంగా కుట్టాను, తలకిందులుగా కప్పుకోవద్దనండి. అయ్యగారూ, ఆ ఊళ్ళో ఎండ ఉంటుందంటారా? అయ్యగారు రొప్పుతూ ఆ ప్రశ్న కూడా దొరగారికి వేశారు. దొరగారు కిటికీలోంచి తల బయటపెట్టి, వేసవిలో ఉంటుంది, చాలా మంచి ఎండ అని అరిచాడు. ఆమె ఆగిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఊపిరి తీసుకుంటూ నవ్వింది.

ఈస్టరు ఆదివారం అయ్యగారు ఆరాధన చివర ప్రకటించారు. బొంత చేరింది. ఎడ్నా దొరసానమ్మకు తుమ్ము రాలేదు, ఆయాసం లేదు, అది కప్పుకుంటే తెల్లారి చెల్లెలు పిలిచినా మెలకువ రావడం లేదట. సంఘమంతా హల్లెలూయ అంది. సువార్తమ్మ లేచి నిలబడింది. సాక్ష్యం చెబుతుందని అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఆ చెల్లెల్ని పిలవొద్దని చెప్పండి అయ్యగారూ," అంది.